పరారుణ కాంతి - మానవ నేత్రం

పరారుణ కాంతి అనగా వర్ణపటంలో ఎరుపు రంగుకు ఆవల నున్న, మానవ నేత్రానికి కన్పించని విద్యుదయస్కాంత వికిరణం. పొయ్యిలోని నిప్పుల నుండి చర్మానికి తగిలే వెచ్చదనం, టి.వి. రిమోట్ పంపే సంకేతం, మనిషి శరీరం నుండి నిరంతరం వెలువడే వికిరణం - ఇవన్నీ ఈ కోవకు చెందినవే. సూర్యుని నుండి భూమిని చేరే శక్తిలో దాదాపు సగం పరారుణ రూపంలోనే ఉంటుంది. అయినప్పటికీ మనిషి కన్ను దీనిని చూడలేదు.

ఈ కాంతి కంటిలోకి ప్రవేశించలేకపోవడమే ఇందుకు కారణమని చాలామంది భావిస్తారు. అది పూర్తిగా నిజం కాదు. ఎరుపుకు దగ్గరగా ఉన్న పరారుణ కాంతి కార్నియాను, కటకాన్ని దాటి రెటీనా వరకు చేరుతుంది. అయితే అక్కడ నున్న దృష్టి వర్ణకపు అణువును కదిలించడానికి కావలసిన శక్తి దానికి ఉండదు. అందువలన చూపు మొదలు కాదు. కన్పించకపోయినా కంటి లోపలికి చేరుతున్నది కనుకనే పరారుణ కాంతి వలన కంటికి తెలియకుండా హాని జరిగే అవకాశం కూడా ఉన్నది.

పేరు, పరిధి

'పర' అనగా ఆవల నున్నది, 'అరుణ' అనగా ఎరుపు. ఎరుపుకు ఆవల నున్న కాంతి కనుక పరారుణ కాంతి అనే పేరు వచ్చింది. వర్ణపటంలో ఊదా రంగుకు ఈవలి పక్కన నున్న కన్పించని కాంతిని అతినీలలోహిత కాంతి అంటారు.

కాంతి తరంగదైర్ఘ్యాన్ని నానోమీటర్లలో కొలుస్తారు. ఒక మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మనిషికి కన్పించే కాంతి సుమారు 380 నుండి 750 నానోమీటర్ల వరకు ఉంటుంది. అక్కడి నుండి 1 మిల్లీమీటరు వరకు గల విస్తారమైన ప్రాంతమంతా పరారుణమే. కంటికి సంబంధించిన విషయాలలో దీనిని మూడు భాగాలుగా విభజిస్తారు.

- సమీప పరారుణం: సుమారు 780 నుండి 1,400 నానోమీటర్ల వరకు. రిమోట్లలో వాడేది ఇదే.
- మధ్య పరారుణం: 1,400 నుండి 3,000 నానోమీటర్ల వరకు.
- దూర పరారుణం: 3,000 నానోమీటర్ల నుండి 1 మిల్లీమీటరు వరకు. మనిషి శరీరం, గోడలు, నేల వంటి మామూలు ఉష్ణోగ్రత గల వస్తువులు వెలువరించేది ఇదే.

ఈ మూడూ కన్పించవు. కాని మూడింటికీ కారణాలు ఒకటి కావు. ఈ తేడాను గుర్తుంచుకుంటే మిగిలిన విషయం సులభంగా బోధపడుతుంది.

ఆవిష్కరణ

పరారుణ కాంతిని 1800 సంవత్సరంలో విలియం హెర్షెల్ కనుగొన్నాడు. జర్మనీలోని హానోవర్‌లో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఈ ఖగోళ శాస్త్రవేత్త అంతకు ముందే, 1781లో, యురేనస్ గ్రహాన్ని కనుగొని ప్రసిద్ధుడయ్యాడు. దూరదర్శినితో సూర్యుని పరిశీలించేటపుడు అతడు రకరకాల రంగు అద్దాలను అడ్డుపెట్టి చూసేవాడు. కొన్ని అద్దాల గుండా వెలుతురు తక్కువగా వస్తున్నా వేడి ఎక్కువగా తగలడం, మరికొన్నింటి గుండా వెలుతురు ఎక్కువగా వస్తున్నా వేడి తక్కువగా ఉండడం అతడు గమనించాడు.

ఏ రంగులో ఎంత వేడి ఉన్నదో తెలుసుకొనడానికి అతడు సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఏర్పడిన రంగులలో నల్లరంగు పూసిన ఉష్ణమాపకాల బుడ్డీలను ఉంచాడు. ఊదా నుండి ఎరుపు వైపు పోయే కొద్దీ ఉష్ణోగ్రతలో పెరుగుదల ఎక్కువైంది. ఎరుపు అంచు దాటి, ఏ వెలుగూ కన్పించని చోట ఉంచిన ఉష్ణమాపకంలో పెరుగుదల మరింత ఎక్కువగా నమోదయింది. కంటికి కన్పించని కిరణాలు కూడా కాంతి వలెనే వక్రీభవనం చెందుతాయని దీనితో తేలింది. మరుసటి సంవత్సరం, 1801లో, జర్మనీకి చెందిన యోహాన్ రిట్టర్ వర్ణపటానికి రెండవ కొనన అతినీలలోహిత కాంతిని కనుగొన్నాడు.

కంటిలో కాంతి ప్రయాణం

కంటిలో ప్రవేశించిన కాంతి వరుసగా కార్నియా, నేత్రోదక ద్రవం, కటకం, కాచావత్ ద్రవం అనే నాలుగు పారదర్శక భాగాలను దాటి, వెనుక నున్న రెటీనా (నేత్రపటలం) పై పడుతుంది. పెద్దవారిలో ఈ ప్రయాణ దూరం సుమారు 24 మిల్లీమీటర్లు. ఈ భాగాలన్నింటిలోను ఎక్కువగా ఉండేది నీరే. కనుక ఏ కాంతి రెటీనాను చేరుతుందన్నది చాలావరకు నీరు దేనిని వదులుతుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

నీరు దృశ్య కాంతిని బాగా పోనిస్తుంది. సమీప పరారుణాన్ని కూడా చాలావరకు పోనిస్తుంది. 1,400 నానోమీటర్లు దాటిన కాంతిని మాత్రం గట్టిగా శోషించుకొంటుంది. అందువలన మధ్య పరారుణ కాంతి కంటి ముందు భాగంలోనే ఆగిపోతుంది. 10,000 నానోమీటర్ల దూర పరారుణాన్ని ఆపడానికి మిల్లీమీటరులో పదోవంతు మందం గల నీటి పొర చాలు. అది కార్నియాను దాటలేదు.

అనగా మధ్య, దూర పరారుణ కాంతులు కన్పించకపోవడానికి అవి రెటీనాను చేరకపోవడమే తగిన కారణం. సమీప పరారుణానికి ఈ కారణం చాలదు. ఇక్కడ అతినీలలోహిత కాంతితో పోల్చి చూడడం ఉపయోగకరం. అతినీలలోహిత కాంతిని కంటి కటకం అడ్డుకొంటుంది. శుక్లం ఆపరేషనులో కటకాన్ని తొలగించి, దాని స్థానంలో వేరొకటి అమర్చని వారికి కొంతమేరకు అతినీలలోహిత కాంతి కన్పిస్తుంది. రెటీనాకు దానిని గ్రహించే శక్తి ఉన్నది, దారిలో అడ్డు మాత్రమే ఉన్నది. సమీప పరారుణం విషయంలో దీనికి తలక్రిందులు. దారి తెరిచే ఉన్నది, గ్రహించే శక్తి లేదు.

చూపు ఎలా మొదలవుతుంది

రెటీనాలో కాంతిని గ్రహించే కణాలు ముఖ్యంగా రెండు రకాలు. మసక వెలుతురులో పనిచేసేవి దండాలు, పగటి వెలుతురులో రంగులను తెలిపేవి శంకువులు. ఒక్కొక్క కంటిలో దండాలు దాదాపు పది కోట్లు, శంకువులు సుమారు 60 లక్షలు ఉంటాయి. దండాలు 500 నానోమీటర్ల దగ్గరి కాంతిని అన్నిటి కంటె బాగా గ్రహిస్తాయి. శంకువులలో మూడు రకాలు గలవు. అవి వరుసగా 420, 530, 560 నానోమీటర్ల సమీపంలో ఎక్కువ సూక్ష్మగ్రాహ్యత కలిగి ఉంటాయి.

ఈ కణాలలో నున్న దృష్టి వర్ణకం రెండు భాగాల కలయిక. ఒకటి ఆప్సిన్ అనే ప్రోటీను, రెండవది దానిలో ఇమిడి ఉన్న రెటినాల్ అనే చిన్న అణువు. దండాలలోని వర్ణకాన్ని రోడాప్సిన్ అంటారు. రెటినాల్ విటమిన్ ఎ నుండి తయారవుతుంది. ఆహారంలో విటమిన్ ఎ లోపించినపుడు రేచీకటి రావడానికి కారణం ఇదే.

చీకటిలో రెటినాల్ అణువు మధ్యలో వంగి ఉంటుంది. కాంతి కణం (ఫోటాన్) ఒకటి దానిని తాకి శోషణం చెందితే, ఆ వంపు విడివడి అణువు నిటారుగా మారుతుంది. ఈ మార్పుకు పట్టే కాలం సెకనులో లక్ష కోట్ల వంతు కంటె కూడా తక్కువ. అణువు ఆకారం మారగానే దానిని పట్టి ఉంచిన ప్రోటీను ఆకారం మారుతుంది. ఆపై వరుసగా జరిగే రసాయన చర్యలు ఆ చిన్న మార్పును అనేక రెట్లు పెంచి, నాడీ సంకేతంగా మెదడుకు పంపుతాయి. రెటీనాలో విటమిన్ ఎ ఉన్నదని 1933లో కనుగొని, ఈ రసాయన క్రమాన్ని విడమరచిన జార్జ్ వాల్డ్‌కు 1967లో రాగ్నార్ గ్రానిట్, హాల్డన్ కెఫర్ హార్ట్‌లైన్‌లతో కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

మనం చూసే ప్రతి దృశ్యమూ ఈ విధంగా వంగిన అణువు నిటారు కావడంతోనే ఆరంభమవుతుంది. అణువు కదలకపోతే, కంటిలో ఎంత కాంతి పడినా అది చీకటితో సమానమే.

శక్తి చాలకపోవడం

ఒక ఫోటాన్ శక్తి దాని తరంగదైర్ఘ్యానికి విలోమానుపాతంలో ఉంటుంది. తరంగదైర్ఘ్యం పెరిగిన కొద్దీ శక్తి తగ్గుతుంది. ఈ శక్తిని ఎలక్ట్రాన్ వోల్టులలో చెప్పడం వాడుక. 1240ని నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఈ విలువ వస్తుంది.

- ఆకుపచ్చ నీలం మధ్య కాంతి, 500 నానోమీటర్లు: 2.48 ఎలక్ట్రాన్ వోల్టులు
- ఎరుపు, 700 నానోమీటర్లు: 1.77
- టి.వి. రిమోట్, 940 నానోమీటర్లు: 1.32
- శరీరపు వేడిమి, 10,000 నానోమీటర్లు: 0.12

రోడాప్సిన్‌లోని రెటినాల్‌ను నిటారు చేయడానికి సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. శంకువులలోని ఎరుపు వర్ణకానికి అంతకంటె కొంత తక్కువ చాలు. అణువు వేడి వలన ఎల్లప్పుడూ కంపిస్తూనే ఉంటుంది కనుక, ఫోటాన్ తెచ్చిన శక్తి కొద్దిగా తక్కువైనా ఆ లోటును అప్పుడప్పుడు ఈ కంపనమే పూరిస్తుంది. ముదురు ఎరుపు మసకగానైనా కన్పించడానికి ఇది తోడ్పడుతుంది. లోటు పెరిగిన కొద్దీ ఇటువంటి అవకాశం చాలా వేగంగా తగ్గిపోతుంది. రిమోట్ కాంతి వద్దకు వచ్చేసరికి అది లేనట్లే.

పరారుణ కాంతిని ఎక్కువ తీవ్రతతో ప్రసరింపజేస్తే కన్పించవచ్చు గదా అనే సందేహం కలగవచ్చు. తీవ్రత పెరగడమంటే ఫోటాన్ల సంఖ్య పెరగడమే గాని, ఒక్కొక్క ఫోటాన్ శక్తి పెరగడం కాదు. బిగుసుకొన్న తలుపును తెరవాలంటే ఒకేసారి తగినంత బలంతో ఒక తోపు తోయాలి. వందమంది పిల్లలు ఒకరి తరువాత ఒకరుగా వచ్చి వేలితో నొక్కి పోయినా తలుపు తెరుచుకోదు. వర్ణకపు అణువు విషయం కూడా ఇటువంటిదే. దానిని కదిలించవలసినది సాధారణంగా ఒకే ఒక్క ఫోటాన్. బలహీనమైన ఫోటాన్లు ఎన్ని వచ్చినా వాటి శక్తి కూడి రాదు; వేడిగా మారి చెదరిపోతుంది.

తక్కువ శక్తికి కదిలే వర్ణకం ఎందుకు లేదు

తక్కువ శక్తికే కదిలే వర్ణకం కంటిలో ఉంటే పరారుణం కన్పించేది గదా అన్నది తరువాతి ప్రశ్న. ఇందుకు సమాధానం కంటి ఉష్ణోగ్రతలో ఉన్నది.

శరీర ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెల్సియస్. ఈ వేడి వలన అణువులన్నీ కంపిస్తూ, ఒకదానితో ఒకటి ఢీకొంటూ ఉంటాయి. ఎప్పుడో ఒకసారి, ఏ కాంతీ పడకుండానే, ఈ కంపనం వలన రెటినాల్ నిటారు కావచ్చు. అటువంటపుడు వెలువడే సంకేతానికి, నిజమైన కాంతి వలన వెలువడే సంకేతానికి తేడా ఉండదు. కణం దృష్టిలో రెండూ ఒకటే.

రోడాప్సిన్ ఈ విషయంలో అసాధారణమైన నిలకడ గల అణువు. ఒక దండ కణంలో సుమారు పది కోట్ల రోడాప్సిన్ అణువులు ఉంటాయి. 1980 దశకంలో కోతుల రెటీనాపై జరిపిన కొలతలలో, ఒక్కొక్క దండ కణంలో ఇటువంటి తప్పుడు సంకేతం రెండు మూడు నిమిషాలకు ఒకసారి మాత్రమే కన్పించింది. అనగా ఒక్క అణువును తీసుకొంటే అది వేడి వలన తనంతట తాను మారడానికి సగటున కొన్ని వందల సంవత్సరాలు పడుతుంది. ఈ నిలకడ వలననే చీకటిలో మానవ నేత్రం అద్భుతమైన సూక్ష్మత కనబరుస్తుంది. 1942లో సెలిగ్ హెక్ట్, సైమన్ ష్లేర్, మోరిస్ పిరెన్ జరిపిన ప్రయోగంలో, దండాలు 5 నుండి 14 వరకు ఫోటాన్లను శోషించుకొంటే చాలు, మనిషి వెలుగును గుర్తించగలడని తేలింది.

అణువును కదిలించే శక్తి హద్దును తగ్గిస్తే వేడి వలన కలిగే తప్పుడు సంకేతాలు సమానుపాతంలో గాక, అతివేగంగా పెరుగుతాయి. హద్దును సగానికి తగ్గిస్తే అవి కోట్ల రెట్లు పెరుగుతాయి. అటువంటి కంటికి కారుచీకటిలో కూడా ఎటు చూసినా వెలుగు మయంగానే తోస్తుంది; నిజంగా వచ్చిన కాంతి ఆ తప్పుడు వెలుగులో కలిసిపోతుంది. ఎరుపు వైపు జరిగిన వర్ణకాలలో తప్పుడు సంకేతాలు ఎక్కువగా ఉండాలని హొరేస్ బార్లో 1957లో ప్రతిపాదించాడు. 2011లో కింగ్-వై యావ్ బృందం సైన్స్ పత్రికలో ప్రచురించిన కొలతలు ఈ సంబంధాన్ని బలపరచాయి.

మనిషి తయారుచేసిన పరికరాలకు కూడా ఈ నియమం తప్పదు. 2021 డిసెంబరు 25న ప్రయోగించిన జేమ్స్ వెబ్ అంతరిక్ష దూరదర్శిని పరారుణ కాంతిని చూస్తుంది. ఇందుకొరకు దాని అద్దాలను సూర్యుని వేడి తగలకుండా ఐదు పొరల తెర చాటున ఉంచి, సుమారు మైనస్ 220 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో పనిచేయిస్తున్నారు. అందులోని మధ్య పరారుణ పరికరాన్ని ఇంకా చల్లగా, పరమశూన్య ఉష్ణోగ్రతకు 7 డిగ్రీల లోపున ఉంచుతారు. వెచ్చని నెత్తురు ప్రవహించే కంటికి అటువంటి వీలు లేదు.

శరీరమే ఒక దీపం

వేడి గల ప్రతి వస్తువూ వికిరణాన్ని వెలువరిస్తుంది. దాదాపు 5,500 డిగ్రీల సెల్సియస్ గల సూర్యుని ఉపరితలం నుండి వచ్చే కాంతి 500 నానోమీటర్ల ప్రాంతంలో అధికంగా ఉంటుంది. 37 డిగ్రీల మానవ శరీరం నుండి వచ్చే వికిరణం 9,400 నానోమీటర్ల దగ్గర అధికంగా ఉంటుంది. కనుగుడ్డు లోపలి గోడలు కూడా ఇదే ఉష్ణోగ్రతలో ఉంటాయి. ఒకవేళ రెటీనా దూర పరారుణాన్ని గ్రహించగలిగినా, దానికి మొట్టమొదట కన్పించేది కంటి లోపలి వెలుగే. వెలుగుతున్న దీపం బుడ్డి లోపల కూర్చొని బయటి నక్షత్రాలను చూడబోవడం వంటిదే ఇది.

వివర్తనం వలన మరొక ఇబ్బంది ఉన్నది. తరంగదైర్ఘ్యం పెరిగిన కొద్దీ, చిన్న రంధ్రం గుండా ఏర్పడే ప్రతిబింబం అలుక్కుపోతుంది. 3 మిల్లీమీటర్ల కంటిపాప గుండా 10,000 నానోమీటర్ల కాంతితో చూస్తే, 6 మీటర్ల దూరాన నున్న రెండు చుక్కలు సుమారు రెండున్నర సెంటీమీటర్ల ఎడంలో ఉంటేనే వేరువేరుగా తెలుస్తాయి. కంటి వైద్యుడు అంత దూరం నుండి చదివించే పట్టికలో, మంచి చూపు గలవారు చదవగలిగే అక్షరం ఎత్తు ఒక సెంటీమీటరు కూడా ఉండదు. అంతటి కంటితో చదవడం సాధ్యం కాదు.

హద్దు ఎక్కడ

కన్పించే కాంతికి, కన్పించని కాంతికి మధ్య గీత గీసినట్లు హద్దు లేదు. చూపు క్రమంగా సన్నగిల్లుతుంది. 1947లో డొనాల్డ్ గ్రిఫిన్, రూత్ హబ్బర్డ్, జార్జ్ వాల్డ్ బలమైన దీపాలతో ప్రయోగాలు చేసి, 1,000 నానోమీటర్ల వద్ద కూడా కంటికి అతి స్వల్పమైన గ్రాహ్యత ఉన్నదని చూపారు. అయితే అక్కడ కన్పించడానికి కావలసిన కాంతి, 500 నానోమీటర్ల వద్ద కావలసిన దానికి వేల కోట్ల రెట్లు ఎక్కువ. ఇంకొంత ముందుకు పోతే, కంటికి వెలుగుగా కన్పించడం కంటె ముందే చర్మానికి వేడిగా తెలుస్తుంది.

2014లో మరొక విశేషం వెల్లడయింది. అమెరికా, పోలండ్ తదితర దేశాల శాస్త్రవేత్తలు 1,000 నానోమీటర్లు దాటిన లేజర్ కాంతిని అతి స్వల్ప కాలపు స్పందనలుగా కంటిలోకి పంపినపుడు, చూసినవారికి అది ఆకుపచ్చ వంటి రంగులలో కన్పించింది. ఒకే క్షణంలో రెండు ఫోటాన్లు ఒకే అణువును తాకడం వలన వాటి శక్తి కూడి, సగం తరంగదైర్ఘ్యం గల ఒక ఫోటాన్ పనిని చేశాయి. పై ఉపమానంలో చెప్పాలంటే, ఇద్దరు పిల్లలు ఒకేసారి తలుపును తోశారు. సాధారణ కాంతిలో ఇటువంటి కలయిక దాదాపు జరగదు.

2025లో చైనా శాస్త్రవేత్తలు తదితరులు సెల్ పత్రికలో మరొక మార్గాన్ని ప్రకటించారు. సమీప పరారుణాన్ని దృశ్య కాంతిగా మార్చే సూక్ష్మకణాలను కాంటాక్ట్ లెన్సులలో పొదిగి, వాటిని ధరించినవారు పరారుణ దీపాల మినుకులను గుర్తించగలిగారని తెలిపారు. కనురెప్పలు మూసినపుడు ఈ మినుకులు మరింత బాగా తెలిశాయి. రెప్పల గుండా దృశ్య కాంతి కంటె సమీప పరారుణం సులభంగా పోవడమే ఇందుకు కారణం. ఇక్కడ కూడా రెటీనా చూసినది మారిన దృశ్య కాంతినే. బలమైన దీపపు కాంతి మాత్రమే ఈ విధంగా తెలుస్తుంది. శరీరపు వేడిమి తెలియదు.

ఇతర జీవులలో

కొన్ని పాములకు పరారుణాన్ని గ్రహించే శక్తి ఉన్నది, కాని అది కంటితో కాదు. పిట్ వైపర్ జాతి పాములకు కంటికి, ముక్కుకు మధ్య ఒక చిన్న గుంట ఉంటుంది. కొండచిలువలకు పెదవుల అంచున ఇటువంటి గుంటలు ఉంటాయి. గుంటలోని పలుచని పొర ఎదుటి ప్రాణి నుండి వచ్చే వేడికి కొద్దిగా వేడెక్కుతుంది. ఆ ఉష్ణోగ్రతా భేదాన్ని నాడులు గ్రహిస్తాయి. ఇందుకు కారణమైన ప్రోటీనును 2010లో గుర్తించారు. తూర్పు కనుమలలో కన్పించే వెదురు పిట్ వైపర్‌కు ఈ గుంటలు గలవు. తెలుగునాట ఎక్కువగా తెలిసిన రక్తపింజర, నాగుపాము, కట్లపాములకు ఇవి లేవు.

మంచినీటి చేపలు, కప్పలు కొన్ని మరొక ఉపాయాన్ని అనుసరిస్తాయి. ఇవి విటమిన్ ఎ కు బదులు దాని మరొక రూపాన్ని వాడి, తమ వర్ణకాన్ని ఎరుపు వైపుకు జరుపుకొంటాయి. మురికి నీటిలో ఎరుపు కాంతి ఎక్కువగా మిగులుతుంది కనుక వాటికి ఇది లాభం. చల్లని నెత్తురు గల ప్రాణులు కావడం వలన తప్పుడు సంకేతాల బాధ కూడా వీటికి తక్కువ.

పిల్లి, గుడ్లగూబ చీకటిలో పరారుణాన్ని చూస్తాయన్నది అపోహ. ఇవి చూసేది మిగిలి ఉన్న కొద్దిపాటి దృశ్య కాంతినే. ఇందుకు వాటి పెద్ద కంటిపాపలు, ఎక్కువ సంఖ్యలోని దండాలు, పిల్లి కంటి వెనుక నున్న అద్దం వంటి పొర తోడ్పడతాయి.

పరికరాల ద్వారా పరారుణం

కెమెరాలోని సిలికాన్ పలక సుమారు 1,100 నానోమీటర్ల వరకు కాంతిని గ్రహించగలదు. టి.వి. రిమోట్‌ను సెల్‌ఫోను ముందరి కెమెరాకు ఎదురుగా పట్టుకొని మీట నొక్కితే, అనేక ఫోన్ల తెరపై తెల్లని లేదా ఊదా రంగు మినుకు కన్పిస్తుంది. నేరుగా చూస్తే ఏమీ కన్పించదు. పాఠశాలలో సులభంగా చేసి చూపదగిన ప్రయోగమిది. కొన్ని కెమెరాలలో పరారుణాన్ని ఆపే వడపోత ఉండడం వలన మినుకు కన్పించకపోవచ్చు.

ఆధార్ నమోదులో కంటి నల్లగుడ్డు చిత్రాన్ని సమీప పరారుణంలోనే తీస్తారు. ముదురు రంగు కళ్ళలో కూడా ఈ కాంతిలో నల్లగుడ్డు గీతలు స్పష్టంగా కన్పిస్తాయి. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించినపుడు ఇంటింటికీ పరిచయమైన పల్స్ ఆక్సీమీటరులో ఒక ఎర్ర దీపం, ఒక పరారుణ దీపం ఉంటాయి. వ్రేలి గుండా రెండింటిలో ఏది ఎంత పోయినదో పోల్చి, రక్తంలోని ఆక్సిజన్ స్థాయిని లెక్కకడుతుంది. నుదుటి దగ్గర పట్టే ఉష్ణమాపకం చర్మం వెలువరించే దూర పరారుణాన్ని కొలుస్తుంది. బంగాళాఖాతంలో తుపాను వచ్చినపుడు రాత్రివేళ మేఘాల చిత్రాలు అందేది కూడా ఇన్సాట్ ఉపగ్రహాల పరారుణ పరికరాల వలననే.

కన్పించని కాంతి వలన ప్రమాదాలు

బలమైన వెలుగు పడినపుడు మనిషి సుమారు పావు సెకనులో కన్ను మూసుకొంటాడు, లేదా తల తిప్పుకొంటాడు. కంటిపాప కూడా ముడుచుకొంటుంది. ఇవి కంటికి ప్రకృతి ఇచ్చిన రక్షణలు. పరారుణ కాంతి కన్పించదు కనుక ఈ రక్షణ పనిచేయదు. పైగా రెటీనాలో నొప్పిని తెలిపే నాడులు లేవు. కంటి కటకం సమీప పరారుణాన్ని రెటీనాపై కేంద్రీకరించి, అక్కడి కణజాలాన్ని కాల్చివేసినా ఆ సమయంలో తెలియదు.

- పరిశ్రమలలో, వైద్యశాలలలో విరివిగా వాడే 1,064 నానోమీటర్ల లేజర్ పూర్తిగా అదృశ్యమైనది. ఆ తరంగదైర్ఘ్యానికి తగిన కళ్ళజోడు లేకుండా దాని దగ్గర పనిచేయరాదు.
- ఆకుపచ్చ లేజర్ పెన్నులలో ఆకుపచ్చ కాంతి పరారుణం నుండే తయారవుతుంది. చౌకరకం పెన్నులలో పరారుణాన్ని ఆపే వడపోత లేకపోవచ్చునని 2010లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ హెచ్చరించింది. ఆకుపచ్చ మసకగా ఉన్నంత మాత్రాన అటువంటి పెన్ను నిరపాయకరం కాదు.
- గాజు కొలుముల వద్ద, కరిగిన లోహాల వద్ద ఏళ్ళ తరబడి పనిచేసేవారిలో కటకం మసకబారి శుక్లం ఏర్పడడం చాలాకాలంగా తెలిసినదే. కన్పించే ఎర్రని వెలుగుతో పాటు, అంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువగా కన్పించని వేడి కిరణాలు వారి కళ్ళపై పడుతూ ఉంటాయి.

సూర్యగ్రహణాన్ని చూసేటపుడు ఈ విషయం అందరికీ వర్తిస్తుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు దారి తెలుగు నేల మీదుగా పోయింది. హైదరాబాదు సమీపంలోని జపాల్-రంగాపూర్ వేధశాలలో దానిని పరిశీలించారు. గ్రహణ సమయాలలో మసి పట్టిన గాజు, రంగుటద్దాలు, పాత ఫిల్ము ముక్కల గుండా సూర్యుని చూసే అలవాటు ఇప్పటికీ ఉన్నది. ఇటువంటి వాటిలో కొన్ని వెలుతురును బాగా తగ్గిస్తాయి గాని పరారుణాన్ని తగినంతగా ఆపవు. హెర్షెల్ తన రంగు అద్దాలలో గమనించినది సరిగ్గా ఈ తేడానే. చూడడానికి హాయిగా ఉండడం వలన మనిషి ఎక్కువసేపు చూస్తాడు. మసక వలన కంటిపాప విప్పారి మరింత కాంతిని లోపలికి పోనిస్తుంది. రెటీనాకు జరిగే హానిలో నీలి కాంతి పాత్ర ముఖ్యమైనదే అయినా, పరారుణపు వేడి దానిని పెంచుతుంది. కనుక దృశ్య, పరారుణ, అతినీలలోహిత కాంతులు మూడింటినీ ఆపేటట్లు ప్రత్యేకంగా తయారైన గ్రహణ కళ్ళజోడును మాత్రమే వాడాలి. లేదా అట్టకు చేసిన చిన్న రంధ్రం గుండా సూర్యుని ప్రతిబింబాన్ని గోడపై పడనిచ్చి చూడాలి. కంటికి చీకటిగా తోచినంత మాత్రాన అక్కడ కాంతి లేదని నిర్ణయించరాదు.